గడిలో పేరు, వెనుక రికార్డు
(శ్రీకాకుళంలో కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షుల వారికి, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఒక గడి గురించి. మీరు రాసే డెస్క్‌టాప్ ప్రోగ్రాములో ఒక పట్టిక ఉంటుంది, ఆ పట్టికలో ఒక కాలమ్ ఉంటుంది, ఆ కాలమ్‌లోని ప్రతి గడిలోనూ నొక్కితే తెరుచుకునే పాప్‌అప్ మెనూ ఉంటుంది. ఆ మెనూలో కనిపించే పేర్లు డేటాబేస్‌లో వేరొక చోట ఉన్న రికార్డులవి. చూడటానికి ఇంతే. కానీ ఈ గడిని సరిగా కట్టడం వచ్చినవారికి డేటాబేస్‌లో సంబంధం అంటే ఏమిటో బోధపడినట్టేనని, కట్టడం రానివారికి నార్మలైజేషన్ (ఒకే సమాచారం పలుచోట్ల రాకుండా డేటాను విడదీసి అమర్చడం) పేపర్‌లో నూటికి నూరు వచ్చినా ఇంకా బోధపడనట్టేనని నా అభిప్రాయం. ఈ మాట ఇంత ధైర్యంగా అనగలుగుతున్నానంటే, ఆ రెండో కోవలో చాలాకాలం నేనే ఉన్నాను గనుక.

మొదట మాటల విషయంలో ఒక ఒప్పందానికి వద్దాం. టేబుల్ అన్న పదాన్ని మనం రెండు వస్తువులకు వాడుతున్నాము: డేటాబేస్‌లో రికార్డులు ఉండే చోటు ఒకటి, తెర మీద వరుసలూ కాలమ్‌లుగా కనిపించేది మరొకటి. ఈ గంటసేపూ మొదటిదాన్ని టేబుల్ అని, రెండోదాన్ని పట్టిక అని పిలుస్తాను. ఈ రెండూ ఒకటే అనుకోవడంలోనే సగం తప్పులు పుడుతున్నాయి కాబట్టి ఈ తేడా చాదస్తం కాదు.

పలాసలో రైతుల దగ్గర జీడిపిక్కలు కొని, పప్పు తీయించి అమ్మే ఒక వ్యాపారి కోసం కొన్నేళ్ల క్రితం నేను ఒక ప్రోగ్రాము రాశాను. కొనుగోలు జరిగిన ప్రతిసారీ ఒక లాటు నమోదు అవుతుంది: తేదీ, రైతు పేరు, మండలం, జిల్లా, 80 కిలోల బస్తాలు ఎన్ని, బస్తా ధర ఎంత. మండలం గడిలో పాప్‌అప్ మెనూ పెట్టాను. గుమస్తా టైపు చేయనక్కరలేదు, మెనూ తెరిచి ఎంచుకుంటే చాలు, అక్షర దోషాలు రావు. నా దృష్టిలో అది గొప్ప సౌకర్యం. అయితే ఆయన ఎంచుకున్న తరువాత లాటు రికార్డులో నేను దాచింది మెనూలో కనిపించిన పేరును, అంటే ఒట్టి అక్షరాల వరుసను. జిల్లా పేరునూ అలాగే దాచాను. మెనూ ఉంది కదా, ఇక సంబంధం ఉన్నట్టే అనుకున్నాను. నిజానికి అక్కడ సంబంధం లేదు. సంబంధం ఉన్నట్టు కనిపించే వేషం మాత్రమే ఉంది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మన జిల్లాలోని పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని మండలాలు కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరం జిల్లాలో కలిశాయి. ఆ వారంలోనే వ్యాపారి ఫోను చేసి, "రాజాం మన జిల్లాలో లేదు కదండీ, కాగితంలో ఇంకా మన జిల్లాగానే వస్తోంది, కొంచెం సరిచేయండి" అన్నారు. కొంచెమే అనుకుని కూర్చున్నాను. నడుమ ఒకసారి మెనూలోని పేర్లను నేనే సవరించి ఉన్నందువల్ల, పాత లాట్లలో ఒక మండలం "ఆర్. ఆమదాలవలస" అని, తరువాతి లాట్లలో "రేగిడి ఆమదాలవలస" అని ఉంది. రెండింటినీ ఒకేసారి పట్టుకుందామని, పేరులో ఎక్కడైనా ఆమదాలవలస అని ఉంటే జిల్లాను విజయనగరంగా మార్చమని ఒక్క క్వెరీ, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆజ్ఞ, నడిపాను. ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు, మీలో కొందరు నవ్వుతున్నారు కూడా. శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషను ఉన్న ఆమదాలవలస మండలం శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. ఆ మండలం లాట్లన్నీ నా క్వెరీతో ఒక్క క్షణంలో జిల్లా దాటిపోయాయి.

మండలాలకు ఒక టేబుల్, జిల్లాలకు ఒక టేబుల్ పెట్టి, లాటులో మండలం పేరు బదులు ఆ మండలం రికార్డుకు సంబంధం ఉంచి, మండలం నుంచి జిల్లాకు మరో సంబంధం ఉంచి ఉంటే, ఆ రోజు నేను మార్చవలసినవి ఎనిమిది మండలాల రికార్డులు మాత్రమే. లాట్లను తాకే పనే ఉండేది కాదు. ఇది కొత్త సంగతేమీ కాదు. ఎడ్గర్ కాడ్ 1970లో, డేటాను టేబుళ్లుగా అమర్చే రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన వ్యాసంలోనే ప్రైమరీ కీ (రికార్డును గుర్తించే విలువ), ఫారిన్ కీ (వేరే టేబుల్‌లోని రికార్డును ఆ విలువతో సూచించేది) అనే మాటలు రెండూ ఉన్నాయి. అది పరీక్షలో రాసినప్పుడు నాకు తెలిసిన విషయమే. గడి కట్టేటప్పుడు గుర్తుకు రాలేదు. ఎందుకు గుర్తుకు రాలేదో ఆలోచిస్తే, పాప్‌అప్ మెనూను నేను అక్షరాలు నింపే పనిముట్టుగా చూశాను తప్ప రికార్డును ఎంచుకునే పనిముట్టుగా చూడలేదని తేలింది.

కాబట్టి ఇలాంటి గడిని కట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మెనూలో ఉండేవి ఏ రికార్డులు? ఆ రికార్డుల్లో కంటికి కనిపించే భాగం ఏది? ఎంచుకున్న తరువాత ఈ వరుసలో ఏది, ఏ చోట నిలవాలి? ఈ మూడు ప్రశ్నలకూ మూడు వేరువేరు జవాబులు ఉంటాయి. నేను పలాసలో చేసిన తప్పు రెండో ప్రశ్నకు చెప్పిన జవాబునే మూడోదానికీ చెప్పడం. ఏ సంస్థ తయారుచేసిన పరికరాలైనా, ఏ భాషలో రాసినా, ఈ మూడింటికీ మూడు అమరికలు ఉండి తీరతాయి. పేర్లు మారతాయి, అంతే.

మాక్ కంప్యూటర్ మీద ఈ మూడూ ఎంతో స్పష్టంగా విడివిడిగా కనిపిస్తాయి గనుక అక్కడినుంచి మొదలుపెడతాను. ఆపిల్ సంస్థ కోకో బైండింగ్స్ అనే ఏర్పాటును మాక్ ఓఎస్ టెన్ 10.3తో 2003లో తెచ్చింది. డేటాను ఎంటిటీలుగా (రికార్డుల రకాలుగా), వాటి మధ్య సంబంధాలుగా నిర్వహించే కోర్ డేటా 2005లో 10.4తో వచ్చింది. బైండింగ్ అంటే తెర మీది వస్తువు లక్షణానికీ, డేటాలోని ఒక విలువకూ మధ్య వేసే ముడి. ఒకవైపు మారితే రెండోవైపు తానుగా మారుతుంది. మనం కోడు రాసి అటూఇటూ మోయనక్కరలేదు. పాప్‌అప్ బటన్‌కు ఇలాంటి ముడులు చాలా ఉన్నా, మనకు కావలసినవి మూడే: కంటెంట్, కంటెంట్ వాల్యూస్, సెలెక్టెడ్ ఆబ్జెక్ట్. మన మూడు ప్రశ్నలూ ఇవే.

జీడిపిక్కల ఉదాహరణలో రెండు అరే కంట్రోలర్లు, అంటే రికార్డుల జాబితాను తెరకు అందించే వస్తువులు, కావాలి. లాట్లను అందించేది ఒకటి, మండలాలను అందించేది ఇంకొకటి. పాప్‌అప్ కంటెంట్‌ను మండలాల కంట్రోలర్‌లోని అరేంజ్డ్ ఆబ్జెక్ట్స్‌కు, అంటే అది పేర్చి ఇచ్చే జాబితాకు, కట్టాలి. మెనూలో ఏ రికార్డులు ఉండాలో అది చెబుతుంది. కంటెంట్ వాల్యూస్‌ను అదే అరేంజ్డ్ ఆబ్జెక్ట్స్‌లోని పేరు అనే గుణానికి కట్టాలి. కనిపించవలసిన అక్షరాలు అవి. ఈ రెండో దారి మొదటి దారికి కొనసాగింపుగానే ఉండాలి, మధ్యలో వేరే కంట్రోలర్‌కు దూకకూడదు. ఇక సెలెక్టెడ్ ఆబ్జెక్ట్‌ను మండలాల వైపు కాక లాటు వైపు కట్టాలి: ఈ వరుసలో ఉన్న లాటుకు మండలం అనే సంబంధం ఉంది కదా, దానికి. మెనూ సరుకు ఒక చోటినుంచి వస్తుంది, ఎంపిక మరో చోటికి వెళుతుంది. ఈ రెండూ ఒకే కంట్రోలర్ నుంచి రావాలని మనసు ఊరికే లాగుతూ ఉంటుంది, లొంగకండి.

పట్టిక ఏ తరహాదన్నదాన్ని బట్టి ఈ మూడో ముడి వేసే చోటు మారుతుంది. పాత తరహా పట్టికలో, అంటే సెల్ ఆధారిత పట్టికలో, మూడు ముడులనూ కాలమ్‌కే వేయాలి. ఎంపికను లాట్ల కంట్రోలర్‌లోని అరేంజ్డ్ ఆబ్జెక్ట్స్ మీదుగా మండలం సంబంధానికి కట్టాలి. 2011లో 10.7తో వ్యూ ఆధారిత పట్టికలు వచ్చాయి. వాటిలో ప్రతి వరుసకూ తనదైన పాప్‌అప్ బటన్ ఉంటుంది. పట్టిక కంటెంట్‌ను లాట్ల కంట్రోలర్‌కు కట్టి, బటన్ ఎంపికను మాత్రం టేబుల్ సెల్ వ్యూలోని ఆబ్జెక్ట్ వాల్యూ (ఆ వరుస రికార్డు) మీదుగా మండలానికి కట్టాలి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, గడి లోపల మెనూలో ఏమేమి ఉండవచ్చో నిర్ణయించేది ఇదే. ఆ సంగతికి తరువాత వస్తాను.

ఈ ముడులు తప్పినప్పుడు ప్రోగ్రాము ఏ రకంగా మొరాయిస్తుందో గుర్తుపెట్టుకుంటే, లక్షణాన్ని చూసి రోగం చెప్పవచ్చు. ఒక వరుసలో మండలం మారిస్తే అన్ని వరుసల్లోనూ మారినట్టు కనిపిస్తే, మీరు ఎంపికను వరుసకు కాక కంట్రోలర్‌లోని సెలెక్షన్‌కు (ప్రస్తుతం ఎంచుకుని ఉన్న వరుసకు) కట్టారన్నమాట. సెలెక్షన్ ఒక్కటే ఉంటుంది, గడులన్నీ దాన్నే చూపిస్తాయి. మెనూ ఖాళీగా తెరుచుకుంటే, మండలాల కంట్రోలర్‌కు మేనేజ్డ్ ఆబ్జెక్ట్ కాంటెక్స్ట్ (కోర్ డేటా రికార్డులు ఉండే చోటు) ఇవ్వడం గానీ, కంటెంట్‌ను ముందే తెచ్చుకొమ్మని చెప్పే ప్రిపేర్స్ కంటెంట్ గుర్తు పెట్టడం గానీ మరిచిపోయి ఉంటారు. మెనూలో పేర్లకు బదులు ఆబ్జెక్టుల వివరణలు, మెమొరీ చిరునామాలతో సహా బారుగా కనిపిస్తే కంటెంట్ వాల్యూస్ కట్టలేదు. ఎంచుకోగానే, సంబంధానికి తగని రకం విలువ వచ్చిందనీ, కావలసింది మేనేజ్డ్ ఆబ్జెక్ట్ (రికార్డు) కాగా ఇచ్చింది స్ట్రింగ్ (అక్షరాల వరుస) అనీ కోర్ డేటా ఫిర్యాదు చేస్తే, సెలెక్టెడ్ ఆబ్జెక్ట్ బదులు సెలెక్టెడ్ వాల్యూను సంబంధానికి కట్టారు. ఈ చివరి ఫిర్యాదు వస్తే సంతోషించండి. నేను పలాసలో చేసిన తప్పు ఇదే. నా ఫీల్డు స్ట్రింగ్ కావడం వల్ల నన్ను ఎవరూ హెచ్చరించలేదు.

మీ ల్యాబులో ఉన్నవి విండోస్ యంత్రాలు కాబట్టి అక్కడి పేర్లూ చెబుతాను. 2005లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ 2.0తో వచ్చిన డేటాగ్రిడ్‌వ్యూ అనే పట్టికలో కాంబోబాక్స్ కాలమ్ ఉంది. దానికి డేటాసోర్స్ మండలాల జాబితా, డిస్‌ప్లేమెంబర్ పేరు, వాల్యూమెంబర్ మండలం ఐడీ, డేటాప్రాపర్టీనేమ్ లాటులోని ఫారిన్ కీ ఫీల్డు. మాక్‌లో ఆబ్జెక్టే నిలుస్తుంది, ఇక్కడ కీ నిలుస్తుంది. అందుకే మూడు అమరికలు నాలుగయ్యాయి. రెండువైపులా కీ రకం ఒకటే కావాలి. ఒకవైపు ఇంట్ (పూర్ణాంకం), మరోవైపు స్ట్రింగ్ అయితే, కంటికి రెండూ 17గానే కనిపిస్తున్నా, గడి విలువ చెల్లదంటూ హెచ్చరిక పెట్టె వరుస తరువాత వరుసకు వస్తూనే ఉంటుంది. మరొకటి, మెనూలో ఎంచుకున్నంత మాత్రాన విలువ వెంటనే కిందికి దిగదు. గడి వదిలి బయటికి వచ్చినప్పుడే దిగుతుంది. గుమస్తా ఎంచుకుని, అదే గడిలో ఉండి సేవ్ నొక్కి, "పడలేదండీ" అంటారు. గడిలో ఎంపిక మారిన సంకేతం రాగానే కమిట్ ఎడిట్ పిలిస్తే ఆ గొడవ తీరుతుంది.

క్యూట్ అనే మరో ప్రోగ్రామింగ్ పరికరాల సముదాయంలో రిలేషనల్ టేబుల్ మోడల్‌కు సెట్ రిలేషన్ పిలిచి, టేబుల్ పేరు, కీ, చూపవలసిన కాలమ్ ఇస్తే చాలు. రిలేషనల్ డెలిగేట్ (గడిని గీసి దిద్దించే భాగం) తగిలిస్తే గడిలో మెనూ వస్తుంది. కానీ అది మామూలుగా ఇన్నర్ జాయిన్ వేస్తుంది, అంటే రెండు టేబుళ్లలోనూ జత దొరికిన వరుసలనే ఇస్తుంది. మండలం ఇంకా నింపని లాట్లు పట్టికలోనుంచే మాయమవుతాయి. డేటా పోయిందని గాభరాపడి బ్యాకప్‌ల కోసం పరుగెత్తేముందు, జాయిన్ మోడ్‌ను, జత లేని లాట్లనూ చూపే లెఫ్ట్ జాయిన్‌గా మార్చి చూడండి. ఇంటి దగ్గర ఉచితంగా ప్రయోగం చేయదలచినవారికి లిబ్రెఆఫీస్ బేస్ ఉంది. అందులో లిస్ట్ బాక్స్‌కు ఒక క్వెరీ ఇస్తారు: మొదటి కాలమ్ కనిపిస్తుంది, బౌండ్ ఫీల్డు 1 అని ఇస్తే రెండో కాలమ్ నిలుస్తుంది, ఎందుకంటే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో బౌండ్ కాలమ్ 1 అంటే నిజంగానే మొదటి కాలమ్. ఐడీని మొదట పెట్టి, దాని వెడల్పును సున్నా చేసి దాచుతారు. ఒకదానిలో నేర్చినది మరోదానిలో తిరగబడుతుంది.

ఇంతవరకూ చెప్పింది ముడి వేయడం. అసలు కష్టం ముడి పడిన తరువాత మొదలవుతుంది. ఏమీ ఎంచుకోని గడి సంగతి చూడండి. రైతు ఏ మండలమో గుమస్తాకు తెలియదు, ఖాళీగా వదిలేయాలి. పొరపాటున ఒకసారి టెక్కలి ఎంచుకున్నారు. దాన్ని తిరిగి ఖాళీ చేయాలంటే మెనూలో ఖాళీ అనే అంశం ఉండాలి. చాలామంది ఇందుకోసం మండలాల టేబుల్‌లోనే "తెలియదు" అనే పేరుతో ఒక రికార్డు చేరుస్తారు. ఆ తరువాత మండలాలవారీ నివేదికలో తెలియదు మండలం కూడా కొలువు తీరుతుంది, కొన్నేళ్లకు దానికి ఒక జిల్లా కూడా ఎవరో తగిలిస్తారు. మాక్‌లో కంటెంట్ ముడికి ఇన్సర్ట్స్ నల్ ప్లేస్‌హోల్డర్ అనే గుర్తు ఉంది. అది పెడితే ఖాళీ అంశం మెనూలో చేరుతుంది, ఎంచుకుంటే సంబంధం నల్, అంటే ఏమీ లేనిది, అవుతుంది. విండోస్‌లో జాబితాకు ముందు నల్ విలువ గల వరుసను మనమే చేర్చుకోవాలి. ఏది చేసినా, లేకపోవడాన్ని ఉన్న వస్తువుగా దాచకూడదు.

తొలగింపు దీనికన్నా చిక్కు. మెనూలోని రికార్డును ఎవరైనా తీసేస్తే, దాన్ని ఎంచుకున్న పాత వరుసల గతి ఏమిటి? కోర్ డేటాలో ప్రతి సంబంధానికీ తొలగింపు నియమం ఉంటుంది: నల్లిఫై అయితే వరుసల్లో గడి ఖాళీ అవుతుంది, కాస్కేడ్ అయితే వరుసలే పోతాయి, డినై అయితే వాడుకలో ఉన్నంతకాలం తొలగించనివ్వదు. మెనూలను పోషించే రికార్డులకు డినై తప్ప మరొకటి పెట్టకండని నా సలహా. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వాడేవారు ఇంకో సంగతి గమనించాలి. 2009లో 3.6.19తో అందులో ఫారిన్ కీ తనిఖీ వచ్చింది కానీ, మామూలు ఏర్పాటులో అది పనిచేయదు. ప్రతి కనెక్షన్ తెరిచినప్పుడూ ప్రాగ్మా అనే అమరిక ఆజ్ఞతో దాన్ని ఆన్ చేయాలి. టేబుల్ నిర్వచనంలో రెఫరెన్సెస్ అని రాసి ఊరుకున్నవారి డేటాబేస్‌లో దిక్కులేని కీలు హాయిగా తిరుగుతూ ఉంటాయి.

తొలగించకూడదు సరే, మెనూ మాత్రం పెరిగిపోతుంది. జీడిపప్పు గ్రేడుల మెనూలో డబ్ల్యూ 180, 210, 240, 320 వంటివి స్థిరంగా ఉంటాయి. పౌనుకు సుమారు ఎన్ని పప్పులు తూగుతాయన్నదే ఆ అంకె గనుక అవి ఏటా మారవు. కానీ పిక్కలు తెచ్చే దళారుల జాబితా ఏటా మారుతుంది. మానేసినవారి రికార్డులో వాడుకలో లేదని గుర్తు పెట్టి, వాడుకలో ఉన్నవారినే మెనూలో చూపుదామనుకుంటారు, అది న్యాయమే. అయితే కంటెంట్‌ను అలా వడగట్టగానే, మూడేళ్ల కిందటి లాటులో ఎంపికయిన దళారి ఇప్పుడు మెనూలో లేడు కాబట్టి, ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది. డేటాబేస్‌లో సంబంధం చెక్కుచెదరలేదు, తెర మీద మాత్రం లేదు. గుమస్తా దాన్ని ఖాళీ అని నమ్మి, మరెవరినో ఎంచుకుంటే అప్పుడు నిజంగానే చెడుతుంది. అందువల్ల మెనూలో ఉండవలసింది వాడుకలో ఉన్నవారు మాత్రమే కాదు. వాడుకలో ఉన్నవారితోపాటు ఈ వరుసలో ఇప్పటికే ఎంపికై ఉన్నవారు కూడా. అంటే మెనూ సరుకు వరుసను బట్టి మారాలి.

ఇక్కడే ఇందాక వాయిదా వేసిన సంగతికి వస్తున్నాను. లాటులో మండలం తరువాత గ్రామం కూడా కావాలని వ్యాపారి అడిగారనుకోండి. మండలం ఎంచుకోగానే గ్రామం మెనూలో ఆ మండలం గ్రామాలే రావాలి. విడిగా ఉన్న ఫారంలో ఇది తేలిక. పట్టికలో తేలిక కాదు. సెల్ ఆధారిత పట్టికలో కాలమ్‌కు ఒకే సెల్ ఉంటుంది, అదే వరుస వరుసకూ వెళ్లి బొమ్మ గీసి వస్తుంది. ఎంచుకున్న వరుస మండలాన్ని బట్టి దాని మెనూను కుదిస్తే, కంచిలి గ్రామాలు మాత్రమే ఉన్న మెనూతో అది నరసన్నపేట వరుసను కూడా గీయాల్సి వస్తుంది. అక్కడి గ్రామం మెనూలో లేదు గనుక గడి ఖాళీ. మీరు ఏ వరుస మీద ఉంటే ఆ మండలం వరుసలు మాత్రమే వెలిగి, మిగిలినవి ఆరిపోతుంటాయి. నేను దీన్ని మొదటిసారి చూసి డేటాబేస్ పాడైందనుకున్నాను.

డేటాగ్రిడ్‌వ్యూలోనూ జాబితా కాలమ్‌కే ఉండటం వల్ల ఇదే సమస్య. అక్కడి ఉపాయం ఏమిటంటే, కాలమ్‌కు పూర్తి జాబితానే ఉంచి, గడిలో దిద్దుబాటు మొదలైనప్పుడు ఆ ఒక్క గడికి మాత్రం కుదించిన జాబితా ఇచ్చి, దిద్దుబాటు ముగియగానే తిరిగి పూర్తి జాబితా ఇవ్వడం. చూపడానికి ఒక జాబితా, ఎంచుకోవడానికి ఒక జాబితా అన్నమాట. వ్యూ ఆధారిత పట్టికలో ప్రతి వరుసకూ సొంత బటన్ ఉంటుందని చెప్పాను కదా. కాబట్టి అక్కడ కంటెంట్‌నే వరుస మీదుగా కట్టవచ్చు: ఆబ్జెక్ట్ వాల్యూ, అందులో మండలం, అందులో గ్రామాలు. ఒక్క మెలిక ఉంది. కోర్ డేటాలో ఒక మండలానికి ఉన్న గ్రామాలు సెట్‌గా వస్తాయి, సెట్‌కు క్రమం ఉండదు. మెనూకు క్రమం గల అరే కావాలి. అందుచేత మండలం ఎంటిటీకి, గ్రామాలను తెలుగు వరుసలో పేర్చి ఇచ్చే ఒక గుణాన్ని మనమే రాసి, గ్రామాలు మారితే ఆ గుణమూ మారినట్టేనని మార్పులను గమనించే కీ వాల్యూ అబ్జర్వింగ్‌కు చెప్పి, దానికి కట్టాలి. ఇంకా, మండలం మార్చినప్పుడు పాత గ్రామాన్ని లాటు నుంచి తీసివేసే బాధ్యత కూడా మోడల్‌లోనే (డేటా నియమాలు ఉండే భాగంలోనే) పెట్టాలి. లేకపోతే మండలం సోంపేట, గ్రామం మాత్రం గార మండలానిది అవుతుంది. గ్రామం ఉంటే మండలం తెలిసిపోతుంది కదా, లాటులో రెండూ ఎందుకని మీలో శ్రద్ధగల విద్యార్థులు అడగవచ్చు, అడగాలి కూడా. కొనుగోలు నాడు మండలం మాత్రమే తెలిసి, గ్రామం తెలియని లాట్లు చాలా ఉంటాయి గనుక నేను రెండూ ఉంచాను. ఉంచినందుకు ఈ కాపలా పనిని మోస్తున్నాను.

గ్రామాలంటే మరో చిక్కు, పేర్లు కలవడం. కొత్తపేటలూ, కొత్తూరులూ మన వైపు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. బైండింగ్ లేకుండా, కోడుతో పాప్‌అప్ బటన్‌లో ఒక్కొక్క శీర్షికా చేరుస్తూ పోయే పద్ధతి ఒకటి ఉంది. మాక్‌లో ఆ పద్ధతికి ఒక అలవాటు ఉంది: అదే శీర్షికతో అంశం అప్పటికే ఉంటే పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని చేరుస్తుంది. రెండు కొత్తపేటలు ఉంటే ఒకటే మిగులుతుంది, మిగిలిన అంశాల క్రమ సంఖ్యలు కూడా జరిగిపోతాయి. ఆ క్రమ సంఖ్యను నమ్మి రికార్డు తీసుకుంటే పక్క ఊరు వస్తుంది. కోడుతోనే నింపవలసి వస్తే మెనూ అంశాన్ని విడిగా తయారుచేసి, దానికి రిప్రజెంటెడ్ ఆబ్జెక్ట్‌గా రికార్డును తగిలించి, మెనూలో నేరుగా చేర్చండి. ఏ పద్ధతిలోనైనా, చూపించే పేరులో ఊరి పక్కన మండలం పేరు కూడా వచ్చేలా ఒక గుణం రాసుకోవాలి. యంత్రానికి తేడా తెలిస్తే చాలదు, ఎంచుకునే మనిషికీ తెలియాలి.

వందల్లో అంశాలు ఉంటే పాప్‌అప్ మెనూ వద్దు. టైపు చేస్తే వెతికిపెట్టే గడి మేలు. మాక్‌లోని కాంబో బాక్స్‌ను ఇందుకు నేరుగా వాడబోకండి. దాని విలువ అక్షరాలే, రికార్డు కాదు, కాబట్టి మళ్లీ మొదటి తప్పుకే వస్తారు. ఇక వేగం సంగతి: ప్రతి వరుసా తన మండలాన్ని విడివిడిగా తెచ్చుకోకుండా, లాట్లను తెచ్చేటప్పుడే మండలాలను ముందుగా రప్పించమని ఫెచ్ రిక్వెస్ట్‌కు (రికార్డులు తెమ్మని చేసే అభ్యర్థనకు) చెప్పండి.

ఇంతసేపూ పేరు దాచకండి, సంబంధం దాచండి అన్నాను. దాచవలసిన చోటు కూడా ఒకటి ఉంది. 2021లో రాజాం రైతుకు ఇచ్చిన రశీదులో శ్రీకాకుళం జిల్లా అని ఉంది, ఆ రోజుకు అదే నిజం. ఇప్పుడు మండలం రికార్డులో జిల్లా మార్చి, ఆ పాత రశీదును మళ్లీ అచ్చు తీస్తే విజయనగరం అని వస్తుంది. రైతు దగ్గర ఉన్న కాగితానికీ దీనికీ పొంతన ఉండదు. ధర కూడా ఇంతే. అందుకని రశీదు ఖరారైన క్షణంలో, దాని మీద అచ్చయ్యే మాటలనూ అంకెలనూ విడిగా నకలు తీసి ఉంచాలి. లాటులో సంబంధం ఉంటుంది, రశీదులో నకలు ఉంటుంది. ఇది సంబంధం పట్ల అపచారం కాదు. లాటు ఎక్కడిదన్నది ఒక ప్రశ్న, ఆ రోజు కాగితం మీద ఏమి రాశామన్నది వేరొక ప్రశ్న. పలాసలో నేను లాటులో పేరు రాసుకున్నది ఈ ముందుచూపుతో కాదని ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడు తెర మీద చూడండి. ఎడమవైపు మండలాల పట్టిక, కుడివైపు లాట్ల పట్టిక ఉన్నాయి. లాట్ల పట్టికలోని జిల్లా కాలమ్‌కు మెనూ లేదు. అది మండలం మీదుగా జిల్లా పేరును చదివి చూపిస్తుంది, అంతే. రెండు ఆమదాలవలసలూ వేరువేరు రికార్డులుగా ఉన్నాయి. మండలాల పట్టికలో రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస వరుసల్లో జిల్లా గడులను ఈ ప్రదర్శన కోసం పాత జిల్లాగానే ఉంచాను. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి, మీరే రండి. రేగిడి ఆమదాలవలస వరుసలో మెనూ తెరిచి విజయనగరం ఎంచుకోండి. మిగిలినవారు కుడివైపు పట్టికను చూస్తూ, ఏ వరుసలు మారాయో, ఏవి మారలేదో చెప్పండి.